పొట్టును పట్టే కన్ను

విజయవాడ స్టేషన్‌లో దిగి పడమటి వైపు బయటికొస్తే వన్ టౌన్. ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఒక పక్క కృష్ణ, మరో పక్క రైలు పట్టాలు. వీటి మధ్య ఒదిగి పెరిగిన పాత బెజవాడ ఇదే. ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభాపతి అయ్యదేవర కాళేశ్వరరావు పేరు పెట్టుకున్న మార్కెట్టు, బ్రాహ్మణవీధి, పంజా సెంటర్, ఇస్లాంపేట, వించిపేట: ఏ సందులోకి తిరిగినా సరుకు దించేవాళ్లో ఎక్కించేవాళ్లో ఎదురవుతారు. హోల్‌సేల్ వ్యాపారంలో పెద్ద భాగం హైదరాబాద్ రోడ్డు మీది గొల్లపూడి కాంప్లెక్సుకు తరలిపోయినా, పాత కొట్ల పద్ధతులు కొన్ని ఇక్కడే మిగిలాయి. వాటిలో ఒకటి లూజు టీ పొడి అమ్మకం. బస్తా మూతి విప్పి, కాస్త పొడి తీసి కొనేవాడి అరచేతిలో పోస్తారు. కొనేవాడు ఎక్కడో టీ కొట్టు నడుపుకునే మనిషి. వేళ్లతో నలిపి చూస్తాడు, వాసన పీలుస్తాడు, చివరికి అడిగేది మాత్రం రంగు దిగుతుందా అని, కిలోకి ఎన్ని టీలు వస్తాయని. కృష్ణా డెల్టాలో తేయాకు పండదు. అస్సాం నుంచి, డువార్స్ నుంచి, నీలగిరి నుంచి వస్తుంది. గువాహటి, సిలిగురి, కోల్‌కతా, కూనూరు, కోయంబత్తూరు, కొచ్చి వేలంపాటల్లో అమ్ముడై, కలిపేవాళ్ల దగ్గర కలిసి, ఇక్కడికి చేరుతుంది. ఇన్ని చేతులు మారిన పొడి అసలు టీయేనా, అయితే ఏపాటి టీ అని తేల్చుకోవడానికి కొనేవాడి దగ్గర ఉన్న సాధనం కన్ను ఒక్కటే. ఆ పనిని కెమెరాకు, దాని వెనకుండే కంప్యూటర్ లెక్కకు అప్పగించవచ్చని ఇరవై ఏళ్లకు పైగా పరిశోధకులు చెబుతున్నారు. అప్పగించవచ్చనే నేనూ నమ్ముతాను. కానీ రంగు చూసి చెప్పమని అప్పగిస్తే మోసపోతాం. వన్ టౌన్ నుంచి వేటపాలెం దాకా రైలు దారిలో కనిపించే ఊళ్లూ పంటలే ఈ మాటకు సాక్ష్యం.

డెల్టాలో టీ అంటే పాలల్లో మరిగే డస్టు. 1930ల మొదట్లో అస్సాంలోని అమ్‌గురి తోటలో విలియం మెకర్చర్ తయారు చేసిన సి.టి.సి. యంత్రం ఆకును పళ్ల రోలర్ల మధ్య నలిపి, చింపి, చుట్టి గుళికలు చేస్తుంది. ఆ గుళికలను జల్లిస్తే పెద్దవి ఒక గ్రేడు, చిన్నవి ఒక గ్రేడు, అన్నిటికన్నా సన్నగా అడుక్కి దిగేది డస్టు. దక్షిణాది దాన్నే కోరుకుంటుంది. రేణువు చిన్నదయ్యేకొద్దీ నీళ్లకు తగిలే ఉపరితలం పెరుగుతుంది, రంగు త్వరగా దిగుతుంది, గ్యాసు ఆదా అవుతుంది. దిగే రంగు ప్రధానంగా రెండు రకాల పదార్థాలది. థియాఫ్లావిన్లు బంగారు పసుపును, మెరుపును ఇస్తాయి. థియారూబిజిన్లు ఎర్రటి గోధుమ రంగును, చిక్కదనాన్ని ఇస్తాయి. ఆకు నలిగినప్పుడు అందులోని కాటెచిన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఈ రెండుగా మారతాయి. డికాషన్ 380, 460 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచి వీటి పాళ్లను ప్రయోగశాలలో లెక్కగడతారు. కాబట్టి రంగు చూసి టీని అంచనా కట్టే టీ కొట్టు మనిషి తెలివితక్కువవాడు కాడు. తోటలో కోసిన ఆకుతోనే పొడి తయారైనంతవరకు రంగు నిజమే చెబుతుంది. బస్తాలో ఆకు కానిది కలిసినప్పుడే దాని సాక్ష్యం తలకిందులవుతుంది.

కెమెరా పరిశోధనలు ఎక్కడ పుట్టాయో చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అస్సాంలోని తేజ్‌పూర్ విశ్వవిద్యాలయంలో సురజిత్ బోరా, మనబేంద్ర భూయాన్ 2003లో ఒక పద్ధతి ప్రకటించారు. పులియబెట్టిన ఆకు పచ్చదనం వదిలి రాగి రంగుకు తిరిగే ఘడియను, అనుభవజ్ఞుడైన పనివాడి కంటికి బదులు ఫొటోల్లోని రంగు లెక్కతో గుర్తించడం ఆ పద్ధతి. 2007లో వాళ్లే ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన హైన్స్‌తో కలిసి టీ గుళికల పరిమాణాన్ని ఫొటోలోని గరుకుదనాన్ని బట్టి అంచనా వేసి చూపించారు. కోల్‌కతాలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సి-డాక్ టీ వాసన పసిగట్టే ఎలక్ట్రానిక్ ముక్కును, రంగు కొలిచే పరికరాన్ని తయారు చేసింది. వీటి వెనక ఉన్న గణితం పాతదే. ఒక చుక్క పక్కన అంతే నలుపున్న చుక్క ఎన్నిసార్లు వస్తుంది, తెల్లటి చుక్క ఎన్నిసార్లు వస్తుంది అని పట్టిక వేసి, ఉపరితలం నునుపా గరుకా అని చెప్పే పద్ధతిని రాబర్ట్ హరాలిక్ బృందం 1973లోనే ఇచ్చింది. ఇవన్నీ మంచి పనులు, మన దేశపు పనులు. అయితే ఇవన్నీ ఫ్యాక్టరీ గోడల లోపలి పనులు. అక్కడ రోలర్ల కిందికి వచ్చేది తేయాకేనని ముందే తెలుసు. ఎంత బాగా పులిసింది, ఎంత సన్నగా నలిగింది అన్నదే ప్రశ్న. వన్ టౌన్ కొట్లో ప్రశ్న వేరు. అక్కడ నాణ్యత కంటే ముందు అది టీయా కాదా అన్నది తేలాలి. ఫ్యాక్టరీలో పుట్టిన లెక్కను బజార్లోకి తెచ్చి కల్తీని పట్టమంటే, దానికి నేర్పని పాఠంలో పరీక్ష పెట్టినట్టవుతుంది.

రంగును కెమెరా ఎలా చూస్తుందో కూడా తెలుసుకోవాలి. ఫొటోలో ప్రతి చుక్కా మూడు అంకెలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. అన్నీ కలిపితే 1,67,77,216 రంగులు. ఇన్ని రంగులున్నాయి కదా, ఏ తేడా అయినా దొరక్కపోదు అనిపిస్తుంది. కానీ కాంతి అంటే మూడు అంకెలు కాదు, వందల తరంగదైర్ఘ్యాల కలయిక. దాన్ని మూడింటికి కుదించినప్పుడు, పూర్తిగా వేరైన రెండు పదార్థాలు ఒకే మూడు అంకెలుగా కనిపించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. థియారూబిజిన్ల గోధుమ రంగును పసుపు, ఎరుపు సింథటిక్ రంగులు తగు పాళ్లలో కలిపి తెప్పించవచ్చు. ఫొటోలో రెండూ ఒకటే. దీనికి కొట్టు వెలుతురు తోడవుతుంది. ఒక కొట్లో ఎల్.ఇ.డి. బల్బు, పక్క కొట్లో ట్యూబులైటు, వీధి వైపు కొట్లో నీలి పట్టా కప్పు వడగట్టిన ఎండ. ఫోను ఈ తేడాలను తనంతట తానే సర్దుకుని, తెల్లగా ఉండాల్సినదాన్ని తెల్లగా చూపించాలని రంగులన్నిటినీ జరుపుతుంది. ఫోటోలు అందంగా రావడానికి పెట్టిన ఆ సౌకర్యమే కొలతకు శత్రువు. ప్రమాణమైన వెలుతురు ఉన్న డబ్బాలో, రంగుల అట్ట పక్కన పెట్టి తీస్తే ఈ దోషం చాలావరకు పోతుంది. మొదటి దోషం మాత్రం పోదు. నాసిరకం పొడిని మంచి పొడిలా కనబడేట్టు చేసేవాడు దిద్దేది రంగునే. రంగును చూసి మార్కులు వేసే యంత్రం ఆ దిద్దుబాటు ఎంత బాగా కుదిరిందో చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మద్రాసు లైనులో రైలు కృష్ణ దాటుతుంటే ప్రకాశం బ్యారేజీ కనిపిస్తుంది. 1852–55 మధ్య కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ఇది వచ్చింది. ఇక్కడ మళ్లిన నీళ్లే ఈ నేలకు వరిని, వరి తర్వాత పండే అన్నిటినీ ఇచ్చాయి. వంతెన దాటిన తర్వాత దారిలో వచ్చే దుగ్గిరాల పసుపు యార్డుకు పేరు. పడమరగా కొద్ది దూరంలో గుంటూరు మిర్చి యార్డు. రెండు చోట్లా ధరను నిలబెట్టేది రంగే. మిరపకాయ ఎర్రదనాన్ని అమెరికా సుగంధ ద్రవ్యాల వర్తక సంఘం పెట్టిన యూనిట్లలో కొలిచి బేరం చేస్తారు. రంగు కొలవడమంటూ మొదలయ్యాక రంగు పూయడమూ మొదలవుతుంది. 2003లో ఫ్రాన్స్‌లో, భారతదేశం నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ అనే పారిశ్రామిక రంగు బయటపడి, యూరప్ అంతటా తనిఖీ తప్పనిసరి అయింది. పసుపులో మెటానిల్ యెల్లో, లెడ్ క్రోమేట్ కలవడం ఆహార శాస్త్రవేత్తలకు కొత్త సంగతి కాదు. ఈ ప్రాంతపు రైతును గాని వర్తకుణ్ణి గాని నిందించడానికి ఈ మాట అనడం లేదు. మంచి రంగు పండించే రైతు ఇక్కడే ఉన్నాడు, కల్తీ రంగు వల్ల మొదట నష్టపోయేదీ అతనే. నేను చెప్పేది వ్యాపారపు నడక గురించి. కొనేవాడు ఒకే గుణానికి ధర కట్టినప్పుడు ఆ ఒక్క గుణాన్నే తయారు చేసి అమ్మేవాడు పుట్టుకొస్తాడు. టీ పొడి విషయంలో మనం ఇప్పటికే ఆ చోట ఉన్నాం. కెమెరాను కూడా రంగుకే కాపలా పెడితే ఆ నడకను ఇంకాస్త వేగిరపరిచినవాళ్లమవుతాం.

బొమ్మతో కల్తీని పట్టడం ఈ కాలపు ఆలోచన కూడా కాదు. 1851 నుంచి 1854 దాకా లండన్‌లో ఆర్థర్ హిల్ హస్సల్ అనే వైద్యుడు బజారు నుంచి టీ, కాఫీ, కారం, పిండి కొనుక్కొచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి, కనిపించింది కనిపించినట్టు బొమ్మలు గీయించి లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. కాఫీలో చికోరీ కలిస్తే రసాయనశాస్త్రం గాని మరొకటి గాని పట్టలేదని పండితుల మాటగా బ్రిటన్ ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పిన రోజులవి. హస్సల్ పట్టాడు. రసాయనంతో కాదు, ఆకారంతో. చికోరీ వేరు కణాలు ఒక తీరు, కాఫీ గింజ కణాలు మరో తీరు. ఎంత వేయించినా ఆ తీరు చెరగదు. అమ్ముడైన టీలో వాడేసిన ఆకును, వేరే చెట్ల ఆకులను, పైన పూసిన రంగులను కూడా ఆ పరీక్షలు బయటపెట్టాయి. 1860లో బ్రిటన్‌లో వచ్చిన ఆహార కల్తీ చట్టానికి ఈ బొమ్మలు ఒక ముఖ్య కారణం. నూట డెబ్బై ఏళ్ల తర్వాత మన చేతిలో హస్సల్ ఊహించలేని కెమెరాలున్నాయి. కానీ ఆయన చూసిన ఆకారాన్ని వదిలేసి, రంగును చూస్తున్నాం.

ఆకారం చూడాలంటే దేని ఆకారం చూడాలి? తెనాలి దగ్గర ఈ ప్రశ్నకు జవాబు మొదలవుతుంది. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నేలలో తడి ఆరకముందే, మినుములు చల్లుతారు. వరి పోయాక ఆ చేలన్నీ మినుమే. తెనాలి చుట్టూ మిల్లుల్లో ఆ మినుమును పప్పు చేస్తే మిగిలేది నల్లటి పొట్టు. మామూలుగా అది పశువుల దాణా. టీ కల్తీ గురించి రాసిన భారతీయ గ్రంథాలు చెప్పే పేర్లలో మినపపొట్టు, శనగపొట్టు, చింతగింజల పొట్టు, జీడిపప్పు పొట్టు ఉంటాయి. వాడి ఎండబెట్టిన టీ పిప్పి, రంపపు పొట్టు, ఇనుప రజను ఉంటాయి. వీటిలో మొదటి నాలుగూ మన ప్రాంతపు మిల్లుల్లోంచి వచ్చేవి. రంగు వేసి కలిపితే కంటికి అన్నీ నల్లటి పొడులే. కెమెరా దగ్గరగా చూస్తే మాత్రం తేడా ఉంది. సి.టి.సి. గుళిక ముడుచుకున్న ఉండ, దాని నీడ అన్ని వైపులా పడుతుంది. గింజ పొట్టు పలచటి రేకు. ఒక వైపు మెరుపు, అంచు పదును, పడుకుంటే నీడే ఉండదు. 4,000 చుక్కల వెడల్పున్న ఫొటోలో 8 సెంటీమీటర్ల మేర పొడి పరిచి తీస్తే ఒక్కో చుక్క 20 మైక్రాన్లు. అర మిల్లీమీటరు రేణువు పాతిక చుక్కల వెడల్పున వస్తుంది. ఉండను, రేకును విడదీయడానికి అది చాలు. ఒక పక్క నుంచి వాలుగా వెలుతురు వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. రంగుల ఫొటో కూడా అక్కర్లేదు, నలుపు తెలుపు చాలు. అంటే బల్బులు మారినా, ఫోను రంగులు జరిపినా ఈ కొలత చెడదు.

పొట్టును కూడా డస్టంత సన్నగా విసిరి కలిపితే రేకు ఎక్కడుంటుందని ఎవరైనా అడుగుతారు. సరైన ప్రశ్న ఇది. లూజు టీలో అమ్ముడయ్యేది డస్టే గనుక తప్పించుకోలేని ప్రశ్న కూడా. పొడి మరీ సన్నమైతే ఫోను కెమెరా ఒక్కటీ చాలదు, ఒప్పుకోవాలి. ఆకు కణాలు, పత్రరంధ్రాలు కొన్ని పదుల మైక్రాన్లవి. పై లెక్కలో ఒకటి రెండు చుక్కలకు మించవు. అక్కడ సూక్ష్మదర్శిని కావాలి. ఖరీదైనది అక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో వివరాలు ప్రకటించిన ఫోల్డ్‌స్కోప్ మడిచిన కాగితంతో చేసింది, ఫోనుకు తగిలించుకుని ఫొటో తీయవచ్చు. పొడిని క్షారంలో ఉడికించి తేటపరిచి చూస్తే, తేయాకులో కొమ్మలు కొమ్మలుగా చీలిన మందపాటి గట్టి కణాలు కనిపిస్తాయి, లేత ఆకు అడుగున ఉండే ఏకకణ నూగు పొడుగ్గా కనిపిస్తుంది. మినపపొట్టులో అవి ఉండవు. నిట్రాళ్లు పాతినట్టు పక్కపక్కన నిలబడ్డ కణాల వరస ఉంటుంది, పప్పుజాతి గింజలన్నిటి పైపొరా అంతే. ఎంత విసిరినా ఈ ముక్కలు పూర్తిగా మాయం కావు. వీటిని వెతికి లెక్కపెట్టడం మనిషి చేస్తే గంటల పని, కళ్లు పోతాయి. వందల ఫొటోల్లో ఒకే ఆకారాన్ని అలసిపోకుండా వెతకడం కంప్యూటర్ బాగా చేసే పని. డిజిటల్ విశ్లేషణకు అసలైన చోటు ఇదని నా నమ్మకం.

మరో అభ్యంతరం ఇంకా గట్టిది. టీ పిప్పిని ఎండబెట్టి, రంగు వేసి తిరిగి అమ్మితే అది కూడా తేయాకే కదా. నూగు ఉంటుంది, గట్టి కణాలుంటాయి, ఆకారం ఏ లోపమూ చూపదు. నిజమే. ఇక్కడ ఆకారం ఓడిపోతుంది, రంగు దగ్గరికే తిరిగి రావాలి. అయితే రంగు ఏమిటన్నది కాదు, ఎంతసేపట్లో దిగిందన్నది చూడాలి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇంటి పరీక్షగా చెప్పేది ఇదే. వడపోత కాగితం మీద కాస్త టీ పొడి చల్లి, నీళ్లు చిలకరించి, కాసేపాగి పొడి దులిపి, కాగితం కడిగి వెలుతురుకు పట్టి చూడాలి. పూసిన రంగైతే చన్నీళ్లకే మరక పడుతుంది. ఆకు లోపలి రంగు చన్నీళ్లకు అంత సులువుగా లొంగదు. ఈ పరీక్షలో మనిషి చివరి మరకను మాత్రమే చూస్తాడు. కెమెరా అయితే కొన్ని క్షణాలకొకసారి ఫొటో తీసి, మరక ఏ వేగంతో ఎంత దూరం పాకిందో గీత గీయగలదు. డస్టు చన్నీళ్లలో కూడా కొంత త్వరగా రంగు వదులుతుంది గనుక, అదే గ్రేడు మంచి పొడి గీతను పక్కన పెట్టి పోల్చాలి. కొట్టును బట్టి వెలుతురు వేరైనా, తెల్ల కాగితం మీద పది సెకన్ల కిందటి మరక అంచుకు ఇప్పటి అంచుకు దూరం మారదు. వేడినీళ్లలో పిప్పి ఇచ్చే సారం తక్కువన్నది చివరికి ప్రయోగశాలే తేల్చాలి. మంచి టీ నీళ్లకు వదిలే సారం 32 శాతానికి తగ్గకూడదని ప్రమాణం. పిప్పి ఆ గీత దాటలేదు. ఇనుప రజనుకైతే కెమెరా ఎందుకు, ఒక అయస్కాంతం చాలు.

అభ్యంతరాలన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సాంకేతికమైనది కాదు. ఇలాంటి పరికరం ఒకటి తయారై, అధికారి చేతికొచ్చి, రోడ్డు పక్క టీ బండి దగ్గర ఫొటో తీసి కల్తీ అని ప్రకటిస్తే ఏమవుతుంది? పరిశోధన పత్రాలు 95 శాతం కచ్చితం, 98 శాతం కచ్చితం అని చెప్పుకుంటాయి. లెక్క వేసి చూద్దాం. 2,000 పొట్లాల్లో 100 కల్తీవి అనుకుందాం. 95 శాతం కచ్చితమైన యంత్రం ఆ వందలో 95 పట్టుకుంటుంది, బాగానే ఉంది. మిగిలిన 1,900 మంచి పొట్లాల్లో ఐదు శాతం, అంటే ఇంకో 95 పొట్లాలను కూడా కల్తీ అంటుంది. యంత్రం వేలు చూపిన ప్రతి ఇద్దరిలో ఒకడు నిర్దోషి. నాసిరకం ఆహారం అమ్మితే 2006 ఆహార భద్రతా చట్టం 51వ సెక్షన్ కింద ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. బస్తా నుంచి అరకిలో కొనుక్కున్న మనిషి ఆ మాట వింటేనే కొట్టు మూసుకుంటాడు. అందుకే ఈ యంత్రం తీర్పు చెప్పకూడదు. చట్టం ఇప్పటికే ఒక దారి వేసింది: శాంపిలును నాలుగు భాగాలు చేయాలి, ఒకటి ఫుడ్ ఎనలిస్టుకు వెళ్లాలి, పద్నాలుగు రోజుల్లో నివేదిక రావాలి. కెమెరా పని ఆ దారికి ముందుండాలి. ప్రయోగశాలలు తక్కువ, శాంపిళ్లు ఎక్కువ. ఏ పది బస్తాలను ముందు పరీక్షకు పంపాలో చెప్పగలిగితే అదే పెద్ద సాయం. అది జల్లెడలా పనిచేయాలి, త్రాసులా కాదు. దాన్ని పెట్టాల్సిన చోటు కూడా టీ బండి కాదు. ఒక బస్తా వంద పొట్లాలుగా మారే చోటు, అంటే వన్ టౌన్‌లో, గొల్లపూడిలో హోల్‌సేల్ కొట్టు. అక్కడ ఒక తప్పు పట్టుకుంటే వంద మంది టీ కొట్టువాళ్లు కల్తీ బారి నుంచి బయటపడతారు. కొనే వర్తకుడే బేరానికి ముందు దాన్ని వాడుకుంటే ఇంకా మేలు. మంచి సరుకు అమ్మే కొట్టుకు అది రక్షణ.

ఫలానా తోట టీయేనని కెమెరాతో రుజువు చేయవచ్చని కూడా కొందరు అంటారు. డార్జిలింగ్ టీ 2004లో మన దేశంలో తొలి భౌగోళిక గుర్తింపు పొందింది, దాని పేరుతో వేరే టీ అమ్మడం నిజమైన సమస్యే. కానీ ఏ నేలలో పెరిగిందన్నది ఆకారంలో గాని రంగులో గాని నమ్మదగినట్టు కనిపించదు. దానికి లేశ మూలకాల, ఐసోటోపుల పరీక్షలు కావాలి. పాలల్లో డస్టు మరిగించే డెల్టాకు ఆ ప్రశ్న దూరం కూడా.

తెనాలి దాటాక నిడుబ్రోలు, తర్వాత బాపట్ల. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఇక్కడుంది, వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఇక్కడుంది. చీరాల దాటితే వేటపాలెం, జీడిపప్పుకు పేరున్న ఊరు. జీడిపప్పు మీది ఎర్రటి పలచని పొట్టు కల్తీ చేసేవాడికి మినపపొట్టు కంటే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అందులో టానిన్లు దండిగా ఉన్నాయి; తేయాకులో ఉండే కాటెచిన్, ఎపికాటెచిన్ కూడా ఉన్నాయి. నీళ్లలో వేస్తే దానంతట అదే వగరుగా, ఎర్రటి గోధుమ రంగులో దిగుతుంది. పాలీఫెనాళ్లు మొత్తం ఎంత అని కొలిచే రసాయన పరీక్ష కూడా దీని దగ్గర తడబడుతుంది. రంగు చూసే కెమెరా దీన్ని మంచి టీ అంటుంది. అస్సాంలో తయారైన ఏ ఫొటోల భండారంలోనూ ఈ పొట్టు ఉండాల్సిన అవసరం లేదు, అక్కడి ఫ్యాక్టరీకి దీనితో పని లేదు. యంత్రం చూపించినదాన్నే నేర్చుకుంటుంది. వేల మంచి టీ ఫొటోలు చూపించి టీ ఎలా ఉంటుందో నేర్పినా, వేటపాలెం పొట్టు ఎలా ఉంటుందో ఎవరూ చూపించకపోతే దాన్ని గుర్తుపట్టదు.

కాబట్టి ఫొటోల భండారం డెల్టాలోనే తయారు కావాలి, అందులో మొదట ఉండాల్సింది టీ కాదు, మన పొట్టులు. తెనాలి మినపపొట్టు, చింతగింజల పొట్టు, జీడిపొట్టులో నూనెలో వేయించిన గింజది వేరుగా, ఆవిరికి ఉడికించిన గింజది వేరుగా. ఒక్కోదాన్ని మూడు నాలుగు సన్నదనాల్లో విసిరి, ఫోనుతోనూ సూక్ష్మదర్శినితోనూ, ఒకే వెలుతురులో, ఒకే బల్ల మీద తీయాలి. ఒకే బల్ల అని ఊరికే అనడం లేదు. పొట్టు ఫొటోలు ఒక గదిలో, టీ ఫొటోలు మరో గదిలో తీస్తే యంత్రం పొడిని వదిలేసి బల్లను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. కాగితం మీద 99 శాతం మార్కులు తెచ్చుకుని బజార్లో ఓడిపోయే యంత్రాలు ఇలాగే తయారవుతాయి. బాపట్లలో పంట తెలిసినవాళ్లున్నారు, విజయవాడ చుట్టూ కంప్యూటర్ చదివిన పిల్లలు వేలల్లో ఉన్నారు. భండారం అందరికీ తెరిచి ఉంచితే కల్తీ చేసేవాడూ చూసి జాగ్రత్తపడతాడన్న భయం ఉంది. చూడనివ్వండి. కల్తీ లాభం అంతా పొట్టు చౌకదనంలో ఉంది. రంగు వేయడానికి కిలోకి కొద్ది పైసలు చాలు గనుకే ఈ వ్యాపారం నడుస్తోంది. పొట్టు కణాలు కనిపించకుండా చేయాలంటే పొడిని ఇంకా ఇంకా సన్నగా విసరాలి. అంత సన్నమైన పొడి వడగట్టులో నిలవక కప్పు అడుగున మడ్డిగా దిగుతుంది, ఆ టీని ఒకసారి తాగినవాడు మళ్లీ ఆ కొట్టుకు రాడు.